ఆ షరతు నిజమేనా అని మమ్మల్ని అడగనివ్వండి: స్టాటిస్టిక్స్ బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు నమస్కారం.

నేను శ్రీకాకుళంలో డిగ్రీ ఫైనలియర్ చదువుతున్న విద్యార్థినిని. మాది ఉద్దానం. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ప్రాబబిలిటీ కోర్సు మొదటి ఏడాదే అయిపోయింది, మంచి మార్కులతోనే పాసయ్యాను. ఇప్పుడు హాస్టల్లో జూనియర్లకు అదే పేపరు చెబుతున్నాను. చెబుతున్నకొద్దీ ఒక విషయం మీ దృష్టికి తేవాలనిపించింది. సిలబస్‌లో ఏముండాలో, ప్రాక్టికల్స్‌లో ఏ లెక్కలు చేయించాలో, ప్రశ్నపత్రం ఎలా ఉండాలో ఖరారు చేసేది మీరు. అందుకే నేరుగా మీకు రాస్తున్నాను. మా లెక్చరర్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. మీరిచ్చిన సిలబస్‌లో, ఉన్న పీరియడ్లలో చేయగలిగినదంతా చేస్తున్నారు. సొంత డబ్బుతో మాకు జిరాక్సులు తీసిచ్చిన మేడమ్ కూడా ఉన్నారు.

నేను అడిగేది ఒక్కటే. ఈ కోర్సులో ప్రతి ఫార్ములా కొన్ని షరతుల మీద నిలబడి ఉంటుంది. మన ఎదుట ఉన్న సందర్భంలో ఆ షరతులు నిజమేనా అని పరీక్షించడం మాకు నేర్పండి. దానికి మార్కులు పెట్టండి. ఇప్పుడైతే ఆ ప్రశ్న ఒక్కసారీ అడగకుండానే కోర్సు మొత్తం పూర్తి చేసి బయటికి రావచ్చు.

ప్రాక్టికల్ రికార్డుతో మొదలుపెడతాను. రెండే ఫలితాలుండే ప్రయోగంలో నిజంగా వచ్చిన సంఖ్యలను ఫార్ములా ప్రకారం రావలసిన సంఖ్యల పక్కన పెట్టి చూడడమే బైనామియల్ ఫిట్టింగ్. ఆ మాట అనగానే మనందరికీ గుర్తొచ్చే లెక్క ఒకటుంది. ఏడు నాణేలను 128 సార్లు ఎగరేసి, ప్రతిసారీ ఎన్ని బొమ్మలు పడ్డాయో రాసుకున్నారు. ఒక్క బొమ్మా పడనిది 7 సార్లు. ఒక బొమ్మ 6 సార్లు, రెండు 19, మూడు 35, నాలుగు 30, అయిదు 23, ఆరు 7 సార్లు. ఏడూ బొమ్మలే పడినది ఒక్కసారి. ఈ లెక్క మా సీనియర్ల రికార్డుల్లో ఉంది, వాళ్ళ సీనియర్ల రికార్డుల్లోనూ ఉంది. నాణేలకు బొమ్మ, బొరుసు సమానంగా పడతాయనుకుంటే రావలసిన సంఖ్యలు వరసగా 1, 7, 21, 35, 35, 21, 7, 1. రెండు వరసలూ పక్కపక్కన రాస్తాం, స్కేలుతో గీతలు గీస్తాం, సంతకం పెట్టించుకుంటాం.

మొదటి గడి ఒక్కసారి చూడండి. ఒక్కసారి రావలసినది ఏడుసార్లు వచ్చింది. సగటున ఒకటి రావలసిన చోట ఏడు గానీ అంతకు మించి గానీ రావడానికి ఎంత అవకాశం ఉంది? అరుదుగా జరిగేవాటి కోసం ఇదే కోర్సులో తర్వాత చెప్పే పాయిజాన్ ఫార్ములాతో లెక్క కడితే పది వేలలో ఒక వంతు కూడా లేదు. మిగతా గడులన్నీ ఇంచుమించు సరిపోయాయి, అదొక్కటే ఇలా ఉంది. నాణేలు ఒకదానికొకటి అంటుకుపోయాయా? కొన్నిసార్లు సరిగ్గా ఎగరేయకుండా గుప్పిట్లోంచి వదిలేశారా? రాసుకున్నవాళ్ళు తప్పు గడిలో రాశారా? అచ్చులో ఎక్కడైనా అంకె మారిందా? స్టాటిస్టిక్స్ చదివేవాళ్ళకు ఆ పట్టిక చూడగానే రావలసిన అనుమానాలివి. ఏళ్ళ తరబడి ఈ లెక్క దించుకుంటున్నవాళ్ళలో ఎవరికీ ఈ అనుమానం రానక్కర్లేకుండా పోయింది, ఎందుకంటే రికార్డులో దానికి చోటే లేదు. చివర్లో ‘రిజల్ట్’ అని రాసి, దాని కింద ఇచ్చిన డేటాకు బైనామియల్ డిస్ట్రిబ్యూషన్ ఫిట్ చేయడమైనది అని ఒక వాక్యం రాస్తే పని అయిపోతుంది. అది నిజంగా సరిపోయిందా లేదా అని ఎవరూ అడగరు.

ఆ లెక్కను తీసేయమని నేననను. అది చాలా మంచి లెక్క. అందులో మూడు భాగాలున్నాయి. నాణేలు సరైనవే అనుకుని ఒకసారి, నాణెం ఎలాంటిదో తెలియదనుకుని ఒకసారి, నాలుగు నాణేలకు బొమ్మ పడే అవకాశం 0.5, మిగతా మూడింటికి 0.45 అనుకుని ఒకసారి చేయమంటారు. జరిగిన సంగతి ఒక్కటే, దాని గురించి మన నమ్మకాలు మూడు. మూడూ కట్టాక వీటిలో దేన్ని నమ్మాలి, ఎందుకు నమ్మాలి అన్నది అసలు పాఠం. మేం మూడు పట్టికలు వేసి ఆ పాఠం వాకిట్లోంచే వెనక్కి వచ్చేస్తున్నాం.

ఉదాహరణల గురించి కూడా చెప్పాలి. ఇంటర్ సెకండియర్ గణితం 2ఏ పేపరు దగ్గర్నుంచి డిగ్రీ దాకా 52 పేకల కట్ట మమ్మల్ని వదలదు. మా క్లాసులో చాలామందిమి ఆడపిల్లలం. మా ఇళ్ళల్లో పేక ముట్టుకోనివ్వరు. పేకాటంటే పోలీసు కేసు, ఊళ్ళో పరువు పోవడం. అందుకని ఇస్పేటు, కళావరు నలుపు అని, ఆటీను, డైమన్ ఎరుపు అని, ఒక్కో రకానికి పదమూడు ముక్కలని, ఫేస్ కార్డులంటే జాకీ, రాణి, రాజు అని, ఆసు అందులోకి రాదని మేం ఎక్కాల్లా బట్టీ పడతాం. మా జూనియర్ ఒకమ్మాయి ఇంటర్నల్ పరీక్షలో ఫేస్ కార్డులు ఎన్నో గుర్తురాక ఒక లెక్క వదిలేసింది. కండిషనల్ ప్రాబబిలిటీ (ఒకటి జరిగిందని తెలిశాక ఇంకోటి జరిగే అవకాశం) ఆ అమ్మాయికి నాకన్నా బాగా వచ్చు. ఆ మార్కులు పోయింది పేక తెలియనందుకు. పేక ఉదాహరణ ఇవ్వదలుచుకుంటే కట్టలో ఏమేం ఉంటాయో ప్రశ్నలోనే రెండు ముక్కల్లో రాయండి. లేదంటే మాకు తెలిసిన ఆట ఒకటుంది, దాన్ని తీసుకోండి.

అష్టాచెమ్మా ఆడని ఇల్లు మా వైపు తక్కువ. గవ్వలు లేనప్పుడు నాలుగు చింతపిక్కలు తీసుకుని ఒక వైపు గరుకు రాయి మీద అరగదీస్తాం, ఆ వైపు తెల్లగా వస్తుంది. వేసినప్పుడు ఎన్ని తెల్లవి పైకి పడితే అన్ని గళ్ళు. నాలుగూ తెల్లవైతే చెమ్మ, నాలుగు గళ్ళు. నాలుగూ నల్లవైతే అష్ట, ఎనిమిది గళ్ళు. ఈ రెండింట్లో ఏది పడినా మళ్ళీ వేయొచ్చు.

పిక్క రెండు వైపులా సమానంగా పడుతుందనే అనుకుందాం. అప్పుడు చెమ్మకు పదహారులో ఒక వంతు, అష్టకూ పదహారులో ఒక వంతు. ఒకసారి వేస్తే సగటున రెండున్నర గళ్ళు. మళ్ళీ వేసే అవకాశం ఎనిమిదిలో ఒకటి కాబట్టి అవన్నీ కలుపుకుంటే ఒక ఆటగత్తె వంతుకు సగటు 20/7, అంటే సుమారు 2.86 గళ్ళు. బైనామియల్, ఎక్స్‌పెక్టేషన్ (సగటు), జామెట్రిక్ (ఎన్నోసారికి ఆగుతుందో చెప్పేది) మూడూ ఒక్క ఆటలో వచ్చేశాయి. అష్ట గానీ చెమ్మ గానీ వరసగా మూడుసార్లు పడితే చెల్లదు అనే రూలు పెట్టి ఆడేవాళ్ళూ ఉన్నారు. ఆ రూలుతో సగటు ఎంత తగ్గుతుందని అడిగితే మా జూనియర్లు భోజనానికి లేవకుండా కూర్చుని లెక్క కట్టారు. నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌ను ఫిట్ చేసే ఆర్డినేట్స్ మెథడ్ కోసం వాళ్ళు అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

అయితే పిక్క సమానంగా పడదు. ఒక వైపు చదును, ఇంకో వైపు ఉబ్బు. తెల్ల వైపు పడే అవకాశం 0.4 అనుకోండి. చెమ్మ పడే అవకాశం 0.0256 అవుతుంది, అష్టది 0.1296. అయిదు రెట్లు తేడా. మా అమ్మమ్మ బడికి వెళ్ళలేదు. కాసేపు ఆడితే చాలు, "ఈ పిక్కలకి అష్టలెక్కువ" అంటుంది, వేరే పిక్కలు తెమ్మంటుంది. రెండు వైపులా సమానం అనే షరతును ఆవిడ చూసి, ఇక్కడ చెల్లదని తేల్చింది. మా రికార్డు చేయవలసిన పని అదే.

కాబట్టి ఫిట్టింగ్ ప్రాక్టికల్‌కు ప్రతి విద్యార్థీ తన పిక్కలు తనే తయారు చేసుకోవాలని పెట్టండి. నాలుగింటినీ వంద సార్లు వేసి, పడినవి రాసుకుని, తెల్లవాటి సగటును నాలుగుతో భాగిస్తే ఆ పిక్కల స్వభావం చేతికి వస్తుంది. ‘నాణెం ఎలాంటిదో తెలియనప్పుడు’ అన్న రెండో భాగం అదే. ఒక్కో పిక్కను విడిగా వేసి చూస్తే నాలుగూ ఒకలాంటివి కావని తెలుస్తుంది, అది మూడో భాగం. ఒకరి పట్టిక ఇంకొకరికి రాదు కాబట్టి సీనియర్ రికార్డు దించడానికి వీలుండదు. ఖర్చు పైసా లేదు. ఇది చిన్నపిల్లల పని అనుకోవద్దు. రెండో ప్రపంచయుద్ధంలో డెన్మార్క్‌లో నిర్బంధంలో ఉన్న జాన్ కెరిచ్ అనే గణిత శాస్త్రజ్ఞుడు నాణేన్ని పది వేల సార్లు ఎగరేసి రాసుకున్నాడు. 5,067 సార్లు బొమ్మ పడింది. ఆ పట్టికను ఇప్పటికీ పాఠాల్లో వాడుతున్నారు.

అన్ని షరతుల్లోకీ మమ్మల్ని ఎక్కువ దెబ్బతీసేది ఇండిపెండెన్స్, అంటే ఒకటి జరగడం వల్ల ఇంకోదాని అవకాశం మారకపోవడం. రెండు ఘటనలు ఇండిపెండెంట్ అయితే గుణించండి అని చెబుతారు. అవునో కాదో ప్రశ్నలోనే రాసేస్తారు. ‘అవి ఇండిపెండెంట్ అనుకొనుము’ అన్న మాట లేకుండా మేం ఒక్క లెక్కా చేయలేదు. బయట ఎవరూ ఆ మాట రాసిచ్చి మన ముందు పెట్టరు.

మా ఉద్దానం సంగతే తీసుకోండి. ఒక కొబ్బరి చెట్టు ఒక ఏడాదిలో గాలికి పడిపోయే అవకాశం వందలో ఒకటి అనుకుందాం. వంద చెట్ల తోట. ఇండిపెండెంట్ అనుకుని గుణిస్తే తోట మొత్తం ఒకే ఏడాది పడిపోయే అవకాశం, దశాంశ బిందువు తర్వాత 199 సున్నాలు పెట్టి ఒకటి రాస్తే వచ్చే సంఖ్య. విశ్వం పుట్టినప్పటి నుంచి చూస్తూ కూర్చున్నా అలాంటిది జరగకూడదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా వైపు తోటలకు తోటలే నేలకొరిగాయి. ఒక చెట్టును పడగొట్టిన గాలే పక్క చెట్టునూ పడగొడుతుంది. విడివిడిగా చూస్తే అవకాశం చిన్నదే, కానీ అవి ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. జీవిత బీమా నడిచే పద్ధతిలో తుఫాను బీమా నడవదు. ఒక మనిషి చనిపోయాడని ఊరంతా చనిపోదు. తుఫానొస్తే ఊరందరి తోటలూ ఒకేసారి పోతాయి. కొబ్బరి మళ్ళీ పెట్టి కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది. మా జిల్లా పిల్లలకు ఇండిపెండెన్స్ చెప్పడానికి ఇంతకన్నా ఏ ఉదాహరణ కావాలి? మా ఇంట్లో వాళ్ళకు కూడా వివరించగలిగిన ఒకే ఒక్క యూనిట్ నాకు ఇదే.

తుఫాన్ల దగ్గర ఇంకో ప్రశ్న ఉంది. పైలిన్ 2013 అక్టోబర్ 12న గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్ 2014లో అదే తేదీన విశాఖపట్నం దగ్గర దాటింది. తిత్లీ అక్టోబర్ 11. మా ఊళ్ళో ఆ తేదీలంటేనే భయం. ఇది విడ్డూరమైన యాదృచ్ఛికమా? 365 రోజుల్లో ఏ రోజైనా ఒకటే అనుకుని లెక్క కడితే విడ్డూరంగానే కనిపిస్తుంది. కానీ బంగాళాఖాతంలో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుఫాన్ల కాలం. అది తెలిశాక లెక్క వేరు. పైగా ఎన్నో తుఫాన్లలోంచి ఆ తేదీలవి మూడింటినే ఏరి పక్కపక్కన పెట్టింది మనమే. ఇలా ఏరడం వల్ల లెక్క ఎలా తప్పుదారి పడుతుందో చెప్పే పాఠం మా సిలబస్‌లో ఎక్కడా లేదు.

ఈ షరతును చూడకపోతే మనుషుల బతుకులే పోతాయి. ఇంగ్లండ్‌లో శాలీ క్లార్క్ అనే తల్లికి ఇద్దరు పసిబిడ్డలు పుట్టిన కొన్ని వారాలకే చనిపోయారు. ఆమే చంపిందని 1999లో జీవిత ఖైదు వేశారు. ఆ విచారణలో ఒక పిల్లల వైద్య నిపుణుడు సాక్ష్యం చెబుతూ, అలాంటి కుటుంబంలో కారణం తెలియకుండా పసికందు చనిపోయే అవకాశం 8,543లో ఒకటి అన్నాడు. ఇద్దరూ అలా పోవాలంటే దాన్ని దానితోనే గుణించి ఏడు కోట్ల ముప్ఫై లక్షల్లో ఒకటి అన్నాడు. ఒకే తల్లిదండ్రులు, ఒకే ఇల్లు. అన్నదమ్ముల మరణాలు ఇండిపెండెంట్ అని ఆయనకు ఎవరు చెప్పారు? 2001లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ఆ లెక్కను బహిరంగంగా తప్పుబట్టింది. బయటపెట్టకుండా ఉంచిన వైద్య పరీక్షల ఫలితాలు వెలుగులోకి వచ్చి 2003లో శిక్ష రద్దయింది. ఆమె 2007లో చనిపోయింది. గుణకారంలో తప్పు లేదు. మా పరీక్షలో అయితే ఆ జవాబుకు ఫుల్ మార్కులు పడేవి.

అదే కేసులో రెండో తప్పు కూడా ఉంది, అది బేయస్ థీరమ్ దగ్గరికి, అంటే జరిగినదాన్ని చూసి కారణానికి ఎంత అవకాశముందో కట్టే ఫార్ములా దగ్గరికి తీసుకెళుతుంది. నిర్దోషి ఇంట్లో ఇలా జరిగే అవకాశం తక్కువ అన్నది ఒక మాట. ఇలా జరిగింది కాబట్టి ఆమె నిర్దోషి అయ్యే అవకాశం తక్కువ అన్నది పూర్తిగా వేరే మాట. మాకు బేయస్ థీరమ్ అంటే మూడు మెషీన్లు, వాటిలో తయారయ్యే బోల్టులు, చెడిపోయిన బోల్టు ఏ మెషీన్‌ది అన్న లెక్క. మా వైపు బోల్టుల ఫ్యాక్టరీలు లేవు. కిడ్నీ జబ్బు ఉంది. ఉద్దానంలో ఆ జబ్బు పేరు తెలియని పిల్లలు లేరు. కారణం పూర్తిగా తేలలేదు. క్యాంపు పెట్టి రక్తం తీసుకున్నారంటే ఫలితం వచ్చేదాకా ఇంట్లో టెన్షనే.

ఇక్కడ సంఖ్యలు ఊహించుకుని చెబుతున్నాను, నిజమైన పరీక్షవి కావు. వెయ్యి మందిలో వంద మందికి జబ్బున్న ఊరు అనుకుందాం. పరీక్ష, జబ్బున్నవాళ్ళలో నూటికి తొంభై మందిని పట్టుకుంటుంది. లేనివాళ్ళలో నూటికి పది మందిని పొరపాటున ఉందంటుంది. అప్పుడు జబ్బున్నవాళ్ళు 90 మంది, లేనివాళ్ళు 90 మంది పాజిటివ్ అవుతారు. పాజిటివ్ వచ్చినవాళ్ళలో సగం మందికే జబ్బు. అదే పరీక్షను వెయ్యికి పది మందికే జబ్బున్న పట్నానికి తీసుకెళ్ళండి. ఉన్నవాళ్ళలో 9 మంది, లేనివాళ్ళలో 99 మంది పాజిటివ్. అంటే పన్నెండు మందిలో ఒకరికే జబ్బు. కిట్ అదే, కాగితం మీద అక్షరాలు అవే, అర్థం మాత్రం ఊరిని బట్టి మారిపోయింది. ఫార్ములా లేకుండా వెయ్యి మందిని ఊహించుకుని మనుషుల లెక్కలో చెప్పినప్పుడు మా జూనియర్లకు ఒక్కసారికే అర్థమైంది. తర్వాత ఫార్ములా రాస్తే అది వాళ్ళకు తెలిసిన విషయాన్నే పొట్టిగా రాసినట్టు కనిపించింది. రేపు వాళ్ళ ఇంట్లో ఎవరికైనా పాజిటివ్ వస్తే కంగారు పడకుండా రెండో పరీక్ష చేయించండి అని ధైర్యంగా చెప్పగలరు. నెగెటివ్ వచ్చినా అశ్రద్ధ చేయొద్దనీ చెప్పగలరు.

క్రికెట్ బెట్టింగ్ గురించి రాయకుండా ఉండలేను. మన రాష్ట్రం 2020లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. అయినా ఐపీఎల్ వచ్చిందంటే ఏం జరుగుతుందో హాస్టళ్ళలో ఉండేవాళ్ళకు తెలుసు. మా ఊరి కుర్రాడొకడు వరసగా పోగొట్టుకుంటూ, ఇన్నిసార్లు పోయింది కాబట్టి ఈసారి తప్పకుండా తగులుతుందని అప్పు చేసి మరీ పెట్టాడు. వాళ్ళ నాన్న వలస పనికి వెళ్ళి ఇప్పటికీ ఆ అప్పు తీరుస్తున్నారు. ఆ కుర్రాడు ప్రాబబిలిటీ పాసయినవాడే. కెరిచ్ పది వేల సార్లు ఎగరేశాక కూడా బొమ్మలు సగం కన్నా 67 ఎక్కువే ఉన్నాయి. ఆ 67ను సరిచేయడానికి నాణెం ఏమీ చేయదు. ఎగరేసే సంఖ్య పెరిగేకొద్దీ ఆ తేడా శాతంలో కనిపించకుండా పోతుంది, అంతే. లా ఆఫ్ లార్జ్ నంబర్స్ అంటే అదని ఒక్క పీరియడ్ చెప్పి ఉంటే, ఎక్స్‌పెక్టేషన్ యూనిట్‌లో బెట్టింగ్ నడిపేవాడి వాటా తీసేశాక ఆడేవాడికి సగటున మిగిలేది నష్టమే అని ఒక్క లెక్క చేయించి ఉంటే బాగుండేది. వాడు మానేసేవాడని కచ్చితంగా చెప్పలేను. కానీ ఆ లెక్క వాడికి ఎవరూ చూపించలేదు.

కోర్సు మొదటి వారం గురించి క్లుప్తంగా చెబుతాను. ప్రాబబిలిటీకి నాంది పలికిన గణిత శాస్త్రజ్ఞులు పాస్కల్, ఫెర్మా 1654లో ఉత్తరాలు రాసుకున్నది ఆట మధ్యలో ఆగిపోతే పందెం డబ్బు ఎలా పంచాలన్న తగవు మీద. బేయస్ వ్యాసం అచ్చయింది 1763లో. ప్రాబబిలిటీకి కోల్మొగొరోవ్ పెట్టిన మూల సూత్రాలు వచ్చింది 1933లో. అంటే ఇప్పుడు మేం మొదటి రోజున రాసుకునే నిర్వచనం చేరుకోవడానికి మేధావులకే దాదాపు 280 ఏళ్ళు పట్టింది. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు మొదటి రోజే సిగ్మా ఫీల్డ్ (వేటికి అవకాశం కట్టవచ్చో ఆ ఘటనల సమితి) బోర్డు మీద పెడితే ఈ సబ్జెక్టు మనది కాదు అని అప్పుడే తేల్చేసుకుంటున్నారు. ఆ పందెం తగవుతో మొదలుపెట్టి సిగ్మా ఫీల్డ్‌ను కోర్సు చివరికి జరపండి. అప్పటికి దాని అవసరం ఏమిటో మాకే తెలుస్తుంది.

వీటన్నిటికీ టైమెక్కడిది అంటారని తెలుసు. పీజీ ఎంట్రన్సులున్నాయి, సిలబస్ తగ్గిస్తే పిల్లలు వెనకబడతారన్న మీ ఆందోళన సరైనదే. సిలబస్ తగ్గించమని నేను అడగడం లేదు. ప్రాక్టికల్స్‌లో ఒకే డిస్ట్రిబ్యూషన్‌ను డైరెక్ట్ మెథడ్‌లో (ప్రతి గడికీ విడిగా ఫార్ములా వేసి) ఒకసారి, రికరెన్స్ మెథడ్‌లో (ముందు గడి నుంచి తర్వాతి గడి కట్టి) ఇంకోసారి ఫిట్ చేయిస్తున్నారు. రెండింటికీ జవాబు ఒకటే. కాలిక్యులేటర్ లేని రోజుల్లో రికరెన్స్ శ్రమ తగ్గించేది, ఇప్పుడు ఒక్కసారి చూపిస్తే చాలు. నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌కు ఏరియాస్ మెథడ్, ఆర్డినేట్స్ మెథడ్ రెండూ పూర్తిగా చేతితో వేయించనక్కర్లేదు. అలా మిగిలిన పీరియడ్లలో పిక్కలు వేయించండి. కంప్యూటర్ ల్యాబ్ ఉన్న చోట స్ప్రెడ్‌షీట్‌లో రాండమ్ నంబర్లతో నాణెం ఎగరేయించండి. ల్యాబ్ లేని కాలేజీలో పిల్లల ఫోన్లున్నాయి.

పరీక్ష మారనిదే ఇదేదీ నిలవదు, ఇది మీకు నాకన్నా బాగా తెలుసు. గైడులో ఇంపార్టెంట్ అని గుర్తు పెట్టినదే మేం చదువుతాం. కాబట్టి ప్రతి పేపర్లో ఒక ప్రశ్న తప్పనిసరిగా ఇలా ఉండాలని రూలు పెట్టండి: ఒక సందర్భం ఇస్తారు, ఒకరు దానికి కట్టిన లెక్క కూడా ఇస్తారు. ఆ లెక్క ఏ షరతు మీద ఆధారపడింది, ఆ షరతు ఇక్కడ చెల్లుతుందా, చెల్లకపోతే జవాబు పెరుగుతుందా తగ్గుతుందా అని అడుగుతారు. మాటల్లోనే రాయాలి. ఇంగ్లీషులో రాయలేనివాళ్ళు తెలుగులో రాసినా మార్కులివ్వాలి. ఆలోచన సరిగ్గా ఉన్నవాళ్ళు ఇంగ్లీషు వాక్యం కుదరక ఖాళీ కాగితం ఇచ్చి రావడం నేను చూస్తున్నాను, నాకు చాలా బాధగా ఉంటుంది. వైవాలో కూడా నిర్వచనాలు అప్పజెప్పించుకోకుండా ‘నీ పట్టికలో నీకు అనుమానంగా ఉన్న గడి ఏది?’ అని అడగమనండి.

స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు మన పక్కనే విశాఖపట్నంలో, ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివారు. తర్వాత కలకత్తాలో పాఠం చెబుతుండగా, ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పే ఫిషర్ ఫలితం పెద్ద శాంపిల్స్‌కే వర్తిస్తుందా, చిన్నవాటికి అలాంటిదేదీ లేదా అని దాండేకర్ అనే విద్యార్థి అడిగారు. రావు గారు ఆ రాత్రి కూర్చుని సాధించారు. 1945లో అచ్చయిన ఆ పేపరే ఈనాడు ప్రతి ఎమ్మెస్సీ క్లాసులో చెప్పే క్రామర్-రావు హద్దు. ఆ పేపరుకే 2023లో ఆయనకు ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది, అప్పటికి ఆయన వయసు 102. స్టాటిస్టిక్స్ డే రోజున మా కాలేజీలో ఆయన ఫొటోకు దండ వేస్తాం. ఆ విద్యార్థి వేసిన ప్రశ్న ఎలాంటిదో చూడండి: ఈ ఫలితం వెనక ఉన్న షరతు ఏమిటి, ఇక్కడది చెల్లుతుందా అనే కదా ఆయన అడిగారు. మా క్లాసులో అలా అడిగితే ‘సిలబస్‌లో లేదు’ అనక తప్పని పరిస్థితి మా లెక్చరర్లది. ఆ పరిస్థితిని మార్చగలిగినవాళ్ళు మీరు.

మా జూనియర్లు, నేను కలిసి చింతపిక్కల ప్రాక్టికల్‌కు ఒక షీటు తయారు చేశాం. పిక్కలు ఎలా అరగదీయాలి, ఏం రాసుకోవాలి, ఏ ప్రశ్నలకు జవాబివ్వాలి అన్నీ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉన్నాయి. మా డిపార్ట్‌మెంట్ ద్వారా మీకు పంపుతున్నాం. వచ్చే సమావేశం అజెండాలో దాన్ని చేర్చండి. వెంటనే అన్ని కాలేజీల్లో పెట్టలేకపోతే, ఈ ఏడాది జిల్లాలో ఒప్పుకున్న ఒకట్రెండు కాలేజీల్లో ఏడు నాణేల లెక్కకు బదులుగా చేయించి చూడండి. సమావేశానికి విద్యార్థుల తరఫున ఎవరినైనా పిలిచే వీలుంటే నన్ను కాదు, ఇప్పుడు మొదటి సంవత్సరంలో ఉన్న ఒకరిని పిలవండి. ప్రాబబిలిటీ పరీక్ష ఈ నవంబరులో రాయబోయేది వాళ్ళు.

నమస్కారాలతో,
ఉద్దానం నుంచి వచ్చి శ్రీకాకుళంలో చదువుతున్న ఒక స్టాటిస్టిక్స్ విద్యార్థిని